గురువారం బంధువు

మిన్నియాపొలిస్‌లో ఇనుప సామాన్ల కొట్లో పనిచేసే వెండెల్ ప్రతి గురువారం సాయంత్రం పాచికల సంచీ ఒళ్ళో పెట్టుకుని టీవీ తెర ముందు కూర్చుంటాడు. తెర మీద నలుగురు నటులు బల్ల చుట్టూ చేరి, తాము వీరులమనుకుంటూ, పాచికలు వేసి కథ నడుపుతారు. వెండెల్ మాత్రం ఎప్పుడూ వేయడు. వాళ్ళకి మంచి అంకె పడాలని తన సంచీ నిమురుతుంటాడు. మొన్న పాచిక మీద అన్నిటికన్నా చెడ్డ అంకె, ఒకటి, పడి, తాల్విరా అనే పాత్ర ప్రాణం పోయింది. వెండెల్ నల్లచొక్కా తొడిగి, ఆప్తురాలు పోయిందని సెలవు పెట్టాడు. పాపం, తోటి ఉద్యోగి మార్లిస్ బంగాళాదుంపలతో హాట్‌డిష్ అనే వంటకం గిన్నెడు వండుకుని పరామర్శకు వచ్చింది.

“పెద్దావిడేనా?”

“మూడొందల ఏళ్ళు దాటాయి. వనదేవత.”

మార్లిస్ గిన్నె వెనక్కి లాక్కుంది. “సొంత అన్న పోతే ఒక్క పూట సెలవు పెట్టలేదు కదయ్యా నువ్వు!”

“మా అన్న ప్రతి గురువారం వచ్చేవాడా ఏంటి?” అన్నాడు వెండెల్, గిన్నె కోసం చేతులు చాస్తూ.