ద్రాక్షరసం మీద మిషిన్ తీర్పు

అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి నడుస్తుండంగ మా మొయినాబాద్ నుంచి పట్నానికి బస్సు ఒకనాడు వస్తే ఇంకోనాడు రాకపోయేది. నేను పట్నంల ఒక ల్యాబుల కెమిస్టును. మా చర్చి పాస్టరుగారు పనిబడి పట్నం పోయి, బందులల్ల అక్కడ్నే చిక్కుకున్నడు. ఆయన లేనిది ప్రభు బల్ల, అంటె రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన, జరగదు. దానికోసం పాస్టరమ్మ పిండిపెట్టిన ద్రాక్షరసం వారాల తరబడి జాడీలనే ఉండిపోయింది.

చివరికి ఆయన వచ్చిండు, ఆరాధన జరిగింది. లొల్లికి భయపడి జనం పెద్దగ రాలేదు. గిన్నెల రసం మస్తు మిగిలింది. మిగిలింది పారబోయొద్దు, సంఘపెద్దనే తాగాలని మా చర్చి పద్ధతి. ఆ సంఘపెద్ద మా బాపు. ఎంకపల్లి తొవ్వల కల్లు దుకాణం అడ్డమొస్తదని పొలాలెంబడి చుట్టు తిరిగి పోయే మనిషి.

ఆ మధ్యాహ్నం బాపు పాట పాడుకుంట ఇల్లు చేరిండు. దొడ్డిల బర్రె నెత్తి మీద చెయ్యిపెట్టి దీవించిండు.

"ఏందయ్యా, ఏమైంది నీకు?" అన్నది అమ్మ.

"ఆత్మల సంతోషం," అన్నడు, గడప అనుకొని గోడ దాటబోయి.

అమ్మ చప్పుడుకాకుంట పోయి పాస్టరమ్మ జాడీల అడుగున మిగిలిన రసం చిన్న సీసాల పట్టుకొచ్చింది. "మీ ల్యాబుల ఏదో మిషిన్ ఉన్నదంటివి గద, జర దాన్ని అడుగు."

బస్సులు నడిచిననాడు సీసా సంచిల పెట్టుకొని బయల్దేరిన. దారిల పోలీసులు బస్సు ఆపిండ్రు.

"సీసాల ఏమున్నది? పెట్రోలా?" అన్నడు జవాను.

"ద్రాక్షరసం అన్నా. పరీక్షకు తీస్కపోతున్న."

మూత తీసి వాసన చూసిండు. నా మొఖం దిక్కు చూసిండు. "దీనికి పరీక్ష ఎందుకమ్మా? పో," అని నవ్విండు.

మా మిషిన్ పేరు గ్యాస్ క్రొమాటోగ్రాఫ్. కలిసిపోయిన వాటిని వేడి గొట్టంల విడగొట్టి, ఒక్కోదాన్ని దాని టైముకు బయటికి పంపుతది. అది వచ్చినప్పుడల్లా పెన్ను కాగితం మీద ఒక గుట్ట గీస్తది. రసం నేరుగ ఎక్కిస్తే చక్కెర మాడి గొట్టం ఖరాబైతది. అందుకే సీసాను వేడినీళ్లల్ల పెట్టి, మీది ఆవిరిని సిరంజితోని లాగి ఎక్కించిన. పెన్ను కాగితం అంచుదాక ఎగబాకింది. నమ్మలేక అసలు ఆల్కహాల్ ఎక్కించి చూసిన. గుట్ట సరిగ్గ అదే జాగల లేచింది. ఇయ్యాల్టి ల్యాబులల్ల అయితే వెనుక మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటది, ఏ పదార్థమో అదే గుర్తుపడుతది. మాకు అప్పుడు గిదే దిక్కు.

కాగితం ఇంటికి తెచ్చి బాపు ముంగట పరిచిన. కండ్లద్దాలు పెట్టుకొని చానసేపు చూసిండు.

"గీ పెద్ద గుట్ట ఏంది?"

"సారా బాపు."

"గీ చిన్నయి?"

"ద్రాక్ష వాసనలు."

అమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. బాపు లేచి నేరుగ పాస్టరుగారి ఇంటికి పోయిండు.

ఆ తర్వాతి ఆదివారం సంఘం ముందర నిలబడి, "నేను తాగిన. తెల్వక తాగిన. గని మంచిగనే ఉండె," అన్నడు. అందరు పడిపడి నవ్విండ్రు, పాస్టరుగారు గూడ. ఇగ నుంచి ప్రభు బల్ల ఉన్న పొద్దుగాలనే రసం తియ్యాలని తీర్మానం చేసిండ్రు. మిగిలింది తాగే పని బాపు అమ్మకు అప్పజెప్పిండు.

అమ్మ పాస్టరమ్మ చెవుల అడిగిన మాట పక్కన కూసున్న నాకు మంచిగ ఇనపడ్డది.

"ఒక్క జాడీ అట్లనే పక్కకు పెడితే ఏమైతది?"