గ్లవ్‌కి వేసిన గోనె అతుకు

యలమంద ఇంటికి మొదటిసారి వెళ్ళినవాళ్ళు పలకరింపు కన్నా ముందు తుమ్ముతారు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. చిరిగిన బస్తాలకు అతుకులు వేయడంలో చెయ్యి తిరిగినవాడు. బట్టలకీ, మంచం నులకకీ కూడా కారం పట్టిన ఇల్లు అది. ఆ ఇంట్లోవాళ్ళకి మాత్రం ఘాటు తెలియదు, ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. నేను తుమ్మితే జలుబు చేసిందా అమ్మాయ్ అని అడిగేవాడు పాపం.

ఆయన కూతురు కోటేశ్వరి మా కాలేజీ బేస్‌బాల్ జట్టులో, బ్యాటు పట్టినవాళ్ళ వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్. నేను బంతి విసిరే పిచర్‌ని. బేస్‌బాల్ అనగానే క్రికెట్టేగా అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. క్రికెట్ జట్టుకి ఏటా కొత్త కిట్టు వస్తుంది. మాకున్న ఒకే ఒక్క క్యాచర్ గ్లవ్ మణికట్టు దగ్గర చిరిగి వేళ్ళాడుతుంటే, సర్దుకోండమ్మా అనేశారు మా ఆటల మాస్టారు, పీడీ జయరావు గారు. అప్పటికి కాలేజీల టోర్నమెంటు ఫైనల్‌కి ఒక్కరోజే ఉంది. ఆ మ్యాచ్ చూసే యూనివర్సిటీ జట్టుని ఎంపిక చేస్తారు. కోటేశ్వరికి ఆ చోటు కావాలి. తల్లి పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ బతకకుండా, ఆటల కోటాలో ఉద్యోగం తెచ్చుకోవాలని దాని ఆశ. తన మార్కులకి ఉద్యోగం రాదని దానికీ తెలుసు.

యలమంద ఆ గ్లవ్ ఇంటికి తెప్పించుకున్నాడు. ఖాళీ మిర్చి బస్తా నుంచి మంచి గోనె ముక్క కోసి, బాగా దులిపి, మడతలు పెట్టి దబ్బనంతో కుట్టాడు. పొద్దున్నే మైదానానికి తెచ్చి కూతురి చేతికి తనే తొడిగి, గట్టిగా లాగి చూశాడు. నాకు తుమ్మొచ్చింది. గుంటూరులో తుమ్ముని ఎవరు పట్టించుకుంటారు?

చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ముందున్నాం. ఇంకొక్కర్ని అవుట్ చేస్తే కప్పు మాది. నేను విసిరిన బంతిని అవతలి అమ్మాయి నిలువునా పైకి లేపింది. కోటేశ్వరి కళ్ళు మూసుకుని పట్టగల క్యాచ్ అది. మాస్క్ తీసి పారేసి తలెత్తింది. నుదుటి చెమట కళ్ళలోకి కారుతుంటే గ్లవ్ తొడిగిన మణికట్టుతో తుడుచుకుంది. మ్యాచ్ అంతా చెమటకి నానిన గోనె అతుకు అది.

"భవ్యా, కనపడట్లేదే," అంది.

నేను పరిగెత్తేలోపే బంతి దాని ఎడమ కంటి మీద పడింది. ఈలోగా బేస్‌ల మీదున్న అవతలివాళ్ళిద్దరూ పరుగులు పూర్తిచేశారు, మేం ఓడిపోయాం. ఆ సంగతి చాలాసేపటిదాకా ఎవరికీ గుర్తే లేదు.

ఆసుపత్రిలో కన్ను కడుగుతూ, ఇందులో కారం ఎలా పడిందమ్మా అని డాక్టరమ్మ అడిగింది. యలమంద బయట బెంచీ మీద ఉన్నాడు. కోటేశ్వరి నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

"మా నాన్నకి చెప్పావంటే ఊరుకోను. ఎండ కళ్ళల్లో పడిందని చెప్పు."

అలాగే చెప్పాను. ఎడమ కంటికి చూపు రాలేదు. యూనివర్సిటీ జట్టులోకి ఇంకెవరో వెళ్ళారు. కోటేశ్వరి తొడిమలు తీసే పనిలో కూర్చుంది. నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరిమీదా తెచ్చుకున్నాను.

ఈ ఏడు టోర్నమెంటుకి ముందు కోటేశ్వరిని చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. యలమంద గబగబా లోపలికెళ్ళి, గుడ్డలో చుట్టి దాచిన గ్లవ్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"కొత్త క్యాచర్ పిల్లకియ్యమ్మా. ఎండ మోసం చేసింది గానీ, నా కుట్టు ఒక్కటీ ఊడలేదు."

కోటేశ్వరి వైపు చూశాను. అది తొడిమలు తీయడం ఆపింది.

"అది ఎవరికీ ఇవ్వొద్దు నాన్నా," అంది. "ఎండ కాదు. నీ గోనెలో కారం ఉంది."

యలమంద గ్లవ్ ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చాడు.

"ఏమీ రావట్లేదు గదమ్మా."

మళ్ళీ పీల్చాడు. తర్వాత పక్కనున్న చెంబు నీళ్ళలో అతుకు ముంచి, మేం ఆపేలోపే తన కంటికేసి రుద్దుకున్నాడు. ఒక్కసారిగా వంగిపోయాడు. కోటేశ్వరి పరుగున మంచినీళ్ళు తెచ్చి, కడుగుతాను తల ఎత్తమంది. ఆయన ఎత్తలేదు. గ్లవ్ ఒళ్ళో పెట్టుకుని, వద్దులేమ్మా, ఉండనీ అన్నాడు.