ముప్పై ఎనిమిది మంది, పన్నెండు ఆటోలు

ఆ రోజుల్లో నాకు లెక్కలంటే భయం కాదు, పగ. టీచర్ ట్రైనింగ్‌లో చేరితే చిన్నపిల్లలకు నాలుగు పాటలు, కాగితపు పడవలు నేర్పితే సరిపోతుందనుకున్నాను. తీరా చేరాక తెలిసింది, వాళ్లకు చెప్పే ముందు ఆ లెక్కలన్నీ మనమే చేయాలని. ఒక్క భాగహారమే రెండు వందల లెక్కలు. (ఆ పుస్తకంలో ఎవరూ లడ్డూలు తినరు, పంచుతూనే ఉంటారు.) మొదటి ఏడాది లెక్కల పేపరు పోయింది. పవర్‌లూమ్ మీద పనిచేసే మా బాపు తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "ఈసారి గూడ పోతే ఇగ సాలు బిడ్డా, అమ్మతోని కూసోని చీరలకు స్టోన్లు అంటియ్యి" అన్నాడు. సూరత్ డిండోలిలో మా గల్లీ ఆడవాళ్లు చాలామంది చేసే పనే అది. అమ్మ మెడనొప్పి రోజూ చూస్తున్నదాన్ని కనుక, చచ్చినా స్టోన్లు అంటించకూడదని ఆ క్షణమే అనుకున్నాను.

ఇక పట్టు పట్టాను. చీరల మడతల్లో పెట్టే అట్టలు పోగేసి, వాటి మీద రోజుకు ఇరవై లెక్కలు చేసేదాన్ని. శేషం అర్థం కాకపోతే అమ్మ స్టోన్లు తీసి వరుసలు పేర్చేదాన్ని. "నా స్టోన్లు ముట్టకు! నీ శేషం గీషం అని ఒక్కటి పోయినా సేఠ్ ఊకుంటడా?" అని అమ్మ అరిచేది. అలా తిట్లు తింటూనే అన్నీ నేర్చుకున్నాను, ఒక్క లెక్క తప్ప. ముప్పై ఎనిమిది మంది పిల్లలు విహారయాత్రకు వెళ్లాలి, ఆటోకు ముగ్గురు చొప్పున ఎన్ని ఆటోలు కావాలి? పన్నెండు అని రాశాను. మా లెక్కల బెన్ (సూరత్‌లో టీచరమ్మను బెన్ అంటారు, అంటే అక్క; ఈవిడలో అక్క మాత్రం నాకెక్కడా కనపడలేదు) ఎర్ర సున్నా చుట్టి, "మరి మిగిలిన ఇద్దరూ ఏమయ్యారు?" అని హిందీలో అడిగింది. "డ్రైవర్ పక్కన కూర్చున్నారు బెన్" అన్నాను. నేను వెటకారానికి అనలేదు. రోజూ ఉధ్నాలోని ట్రైనింగ్ కాలేజీకి నేను వచ్చేదే అలా, షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన అర సీటు మీద. క్లాసంతా నవ్వింది, బెన్ నవ్వలేదు. "తేరహ్" అంది, పదమూడు. పైగా నా పరీక్ష పాఠానికి ఏరికోరి అదే లెక్క ఇచ్చింది.

ఆ పాఠం మా పేట బడిలో, మూడో తరగతికి. పిల్లలంతా మన ఊళ్ల నుంచి వచ్చిన లూమ్ కార్మికుల పిల్లలే, కాబట్టి చెప్పేది తెలుగులో. బెన్‌కు తెలుగు రాదు. వెనక బెంచీలో కూర్చుని బోర్డు మీది అంకెలను బట్టి మార్కులేస్తుంది. నేను లెక్క చదవగానే రెండు జడల పిల్లొకతి ఉరికొచ్చి బోర్డు మీద 12 అని రాసేసింది. బెన్ కలం మూత తీసింది.

"మరి ఇద్దరు మిగిలారు కదమ్మా?"

"గాళ్లు డ్రైవర్ పక్కకు గూసుంటరు టీచర్. గటొకరు, గిటొకరు."

"పోలీసాయన చూస్తే?"

"సర్కిల్ రాకముందే దిగి, నడిసి దాటి, మల్ల ఎక్కుతరు!"

పోలీసును చూస్తే నేనూ అదే చేసేదాన్ని. చెరిపేసి 13 రాస్తే నేను పాస్. కానీ ఆ పిల్ల అంత ధీమాగా చూస్తుంటే, నాకు చుట్టిన సున్నాను ఆమెకు చుట్టడానికి చెయ్యి రాలేదు. ఫెయిలైతే అవుతాననుకుని, బెంచీ మీద ముగ్గుర్ని కూర్చోబెట్టాను. ముందు కుర్చీలో రెండు జడల పిల్లే డ్రైవర్, అటొకరు ఇటొకరు మిగిలిన ఇద్దరు. "ఇప్పుడు ఎడమకు తిప్పు" అన్నాను. తిప్పింది. ఒకడికి మోచెయ్యి తగిలింది, ఇంకొకడు కింద పడ్డాడు. మళ్లీ కుడికి తిప్పింది, ఈసారి ఇద్దరూ పడ్డారు. క్లాసంతా విరగబడి నవ్వుతుంటే ఆ పిల్ల రొప్పుతూ లేచి, "గిట్ల నడవది టీచర్, ఇంకోటి పిలువుండ్రి" అని, తన చేత్తోనే 12 చెరిపి 13 రాసింది. బెన్ ఏదో రాసి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. పాస్.

బయట వాన. బెన్ స్కూటీ స్టార్ట్ కాలేదు. వచ్చిన ఒక్క షేర్ ఆటోలో వెనక ముగ్గురు ఉన్నారు. "ఆయియే బెన్, జగా హై" అంటూ డ్రైవర్ తన సీట్లోనే చోటిస్తూ సర్దుకున్నాడు. నేను అటువైపు ఎక్కాను. బెన్ కాసేపు వానను, కాసేపు నన్ను చూసి, ఇటువైపు ఎక్కింది. మలుపులో డ్రైవర్ మోచెయ్యి ఇద్దరికీ తగిలాక, బెన్ అతని వీపు వెనక నుంచి నా వైపు తొంగిచూసి మెల్లగా, "బారహ్" అంది, పన్నెండు.

ఇప్పుడు నేనూ పిల్లలకు బెన్‌నే. ఏటా ఆ లెక్క ఇస్తాను, పదమూడే చెప్పిస్తాను. పన్నెండు రాసినవాళ్లను మాత్రం ముందు ఆ ఇద్దర్నీ ఎక్కడ కూర్చోబెట్టారో అడుగుతాను. అడిగినప్పుడల్లా అట్టల మీద కుస్తీ పట్టిన ఆ మొండిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ సాయంత్రం పరుగున ఇంట్లోకి వెళ్లి "పాసైన బాపూ" అని కాగితం చాపినప్పుడు, పడిపోకుండా గట్టిగా పట్టుకున్న ఆటో కడ్డీ తుప్పు అప్పటికింకా నా అరచేతికి అంటుకునే ఉంది.