అత్త మమ్మల్ని కొండ దించిన రోజు

మొన్న ఆదివారం వండూర్‌లో ఆరాధన ముగించుకుని బయటికి వస్తుంటే పాస్టరమ్మగారి ఫోను మోగింది. ఆవిడ విన్నారు, నా వైపు చూశారు. ఫోను నా చేతికివ్వకుండా నా భుజం మీద చెయ్యి వేశారు. అప్పుడే అర్థమైంది నాకు. డాలీగంజ్‌లో మా అత్త పోయింది. పక్కింటి దీదీ టీ తీసుకెళ్ళేసరికి వరండాలో కుర్చీలో కూర్చున్నట్టే ఉందట, ఒళ్ళో సగం ఒలిచిన వెల్లుల్లి.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. నన్ను పెంచింది ఆవిడే. అమ్మ నర్సు, ఉద్యోగం కార్ నికోబార్‌లో. నాన్న దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజను పని. ఇద్దరూ నెలల తరబడి ఇంట్లో ఉండేవారు కాదు. అడవులు కొట్టి ఊళ్ళు కడుతున్న రోజుల్లో పెళ్ళికూతురిగా శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చిన అత్త, మామయ్యతో ఇరవై ఏళ్ళు కాపురం చేసింది. పిల్లలు లేరు. అటవీ శాఖలో పనిచేసే మామయ్య జ్వరంతో పోయాక మా ఇంటికొచ్చి నన్ను దగ్గరికి తీసుకుంది.

ఆవిడ గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. చర్చిలో ఎప్పుడూ తలుపు పక్కనే కూర్చునేది, పొయ్యి మీద ఏదో ఒకటి పెట్టి వచ్చేది కనుక. ప్రసంగం పొడుగైతే పాస్టరుగారికి వినబడేటట్టు దగ్గేది. హిందీలో ఆడా మగా తేడా లేకుండా అందరినీ ఒకే గాటన కట్టేది. పెద్ద ఆఫీసరునైనా కూరగాయలమ్మే ఆవిణ్ణయినా "భయ్యా" అనే పిలిచేది. నేను ఏడిస్తే కారణం అడిగేది కాదు. "ముందు తిను. కడుపు నిండినాక కూడా ఏడుపొస్తే అప్పుడు కూకుని ఏడుద్దాం" అనేది. తిన్నాక ఏడ్చిన గుర్తు నాకు ఒక్కసారి కూడా లేదు.

ఇంత గడుసు మనిషికి ఒక్కరి ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. ఆయన వాళ్ళ పెద్దన్నయ్య, మా పెదనాన్న. తండ్రి పోయాక ఇంటి పెద్ద ఆయనే. అత్త పెళ్ళి చేసి ఓడెక్కించిందీ ఆయనే. నాకు పదకొండేళ్ళప్పుడు, క్రిస్మస్ సెలవుల్లో, పెద్దమ్మను వెంటబెట్టుకుని ఆయన మొదటిసారి దీవులకొచ్చారు. ఊళ్ళో అందరికీ "ఫారిన్ ఎల్లొస్తాను" అని చెప్పి, అందుకోసమే కొత్త తోలు బూట్లు కొనుక్కుని మరీ వచ్చారు. మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకున్నా బూట్ల మెరుపు మాత్రం తగ్గలేదు.

వచ్చిన మూడో రోజు నేను గోడ పక్కన నిలబడి వినకూడని మాట విన్నాను. తిరుగు ఓడకి పెదనాన్న మూడు టికెట్లు తీయించారు. మూడోది అత్తకి.

"మొగుడు పోయినాడు. పిల్లా పీచూ లేరు. తమ్ముడు సూస్తే ఎప్పుడూ ఓడ మీదే. ఈ నీళ్ళ మజ్జిన ఒక్కర్తివీ ఏటి సేస్తావే? మిగతా అన్నదమ్ములున్న ఊళ్ళో ఉండు" అన్నారాయన. ప్రేమతోనే అన్నారు, అది నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆయనంటే పరమ అసహ్యం వేసింది.

అత్త ఎదురు చెప్పలేదు. రాననలేదు, వస్తాననీ అనలేదు. "ఒక్కపాలి హ్యారియెట్ కొండెక్కి వద్దాం అన్నియ్యా. ఆయన పనిసేసిన అడవి. పైనుంచి అంతా కనపడతాది. నాను బతికిన సోటు సూడు, తర్వాత నీ ఇష్టం" అంది.

మర్నాడు తెల్లవారుతూనే నలుగురం బయల్దేరాం. నాన్న డ్యూటీలో ఉన్నారు. ఛాథం దగ్గర ఫెర్రీ ఎక్కి, హార్బరు దాటి బాంబూఫ్లాట్‌లో దిగి, అక్కణ్ణుంచి నడక. ముందురోజు వాన పడింది. అత్త దారిలో నాలుగు కర్రలు కొట్టి తలా ఒకటి చేతికిచ్చింది. పెదనాన్న పది అడుగులకోసారి ఆగి రుమాలుతో బూట్లు తుడుచుకునేవారు. పెద్దమ్మకి మాత్రం అన్నీ వింతే. చెట్టెత్తు చూసి మెడ నొప్పి పుట్టించుకుంది.

ఎక్కాం. పైన ఏమీ కనబడలేదు.

మబ్బు కొండ నెత్తిన దుప్పటిలా కూర్చుంది. హార్బరు లేదు, ఓడలు లేవు, పది గజాల అవతల చెట్టు కూడా లేదు. అత్త ముఖం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. "ఆగుదాం అన్నియ్యా, మబ్బు ఇడిపోతాది" అంది. పులిహోర, చేప వేపుడు తిన్నాం. నేను కళ్ళు మూసుకుని మబ్బు తియ్యమని దేవుణ్ణి బతిమాలాను. నాకు తెలిసిన బైబిలు వాక్యాలన్నీ వరసగా చెప్పాను. మబ్బు కదల్లేదు, పెదనాన్న మాత్రం తువ్వాలు పరుచుకుని నిద్రపోయారు.

అత్త రెండుసార్లు ఆకాశం చూసింది. అదే నేనైతే ఆపాటికి నా చెవి పట్టుకుని లాక్కెళ్ళేది. అన్నగారిని లేపడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆయన లేచాక మెల్లగా, "ఎల్దామా అన్నియ్యా? సీకటడిపోతాది" అంది. ఆయన చేతి గడియారం చూసుకుని నవ్వారు. "నాలుగే కదే అయింది! మనూళ్ళో ఈ ఏళకి ఎండ మాడ్చేస్తాది. కాసేపు సూద్దాం, నీ ఊరు కనపడాలి కదా."

గడియారం దేశమంతటికీ ఒకటే. సూర్యుడు అలా కాదు. డిసెంబరులో మాకు ఐదింటికల్లా పొద్దు గుంకిపోతుంది, అడవిలో ఇంకా ముందే. దీవుల్లో పుట్టిన పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. అత్తకి తెలియదా? తెలుసు. అన్నయ్య మాట కాదనడం తెలియదు, అంతే. అరగంట పోయాక ఆయన లేచారు. పావు దూరం దిగేసరికి నా చెయ్యి నాకు కనబడలేదు.

టార్చి ఎవరూ తేలేదు. పెద్దమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. పెదనాన్న "ఇటే, నాకు దారి తెలుసు" అని గబగబా నాలుగడుగులు వేసి, జారి, దబ్బున పడ్డారు. ఒక బూటు అడుగుభాగం ఊడి నోరు తెరిచింది.

అప్పుడు విన్నాం అత్త గొంతు.

"అన్నియ్యా, కూకో. కదలకు."

ఆయన కూర్చున్నారు. అత్త చీకట్లోనే తన రబ్బరు చెప్పులు విప్పి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఆడకూతురివి, నీ సెప్పులు నానేసుకోడమేటే? నువ్వు ఒట్టికాళ్ళతోటి నడుస్తావా?"

"నోర్మూసుకుని ఏసుకో అన్నియ్యా!"

పెద్దమ్మ ప్రార్థన ఆగిపోయింది. నాకు భయంలోనూ నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక పెదనాన్నని ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆయన మారు మాట్లాడకుండా వేసుకున్నారు. మడమలు సగం బయటే ఉండి ఉంటాయి.

అత్త మమ్మల్ని కాసేపు ఊపిరి బిగబట్టి ఉండమంది. ఎక్కడో సన్నగా నీళ్ళ చప్పుడు. "ఈ నాలా బాంబూఫ్లాట్ పక్కకే దిగుతాది. మీ బావ సెప్పీవోడు. నీళ్ళని ఇడవకండి, ఒకల కొంగు ఒకలు పట్టుకోండి. జల్దీ ఒద్దు, ఆరామ్‌గా" అంది. ఆవిడ ముందు, కర్రతో నేల తడుముతూ. ఆవిడ కొంగు పట్టుకుని నేను, నా జడ పట్టుకుని పెద్దమ్మ, వెనక పెదనాన్న. వాలుగా ఉన్నచోట "కూకుని జారండి" అనేది, కూర్చుని జారేవాళ్ళం. బెత్తపు పొదలు అడ్డొచ్చినచోట ముందు తను దూరి, "ఇటొద్దు, పక్క నుంచి రండి" అనేది. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. పెదనాన్న అడిగిందల్లా, "ఇప్పుడు ఏ కాలెయ్యాలే చెల్లీ?"

జెట్టీ దీపాలు కనబడేసరికి పెద్దమ్మ భోరుమంది. టైము చూస్తే ఏడు కూడా కాలేదు. ఫెర్రీ ఇంకా ఉంది. ఎక్కి బల్ల మీద కూలబడ్డాం. దీపం వెలుగులో అత్త పాదాలు చూశాను. బురద కింద నెత్తురు. బెత్తపు ముళ్ళు ఎన్నో లెక్కలేదు. ఆవిడ చీర అంచు కిందికి లాక్కుని దాచుకోబోయింది.

పెదనాన్న పెద్దమ్మ దగ్గర పిన్నీసు అడిగి తీసుకున్నారు. పడవ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అత్త కాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నారు.

"అన్నియ్యా, తప్పు! నా కాలు నువ్వు పట్టుకోడమేటి, అందరూ సూస్తన్నారు."

"సూడనీ."

చాలాసేపు ఆయన ముల్లు తర్వాత ముల్లు తీశారు. తీసినదాన్ని నీళ్ళలోకి విసిరేవారు. తల ఎత్తకుండానే పెద్దమ్మతో అన్నారు: "రేపు ఆఫీసుకెల్లి దీని టికెట్టు రద్దు సేయించాల. ఇది ఒక్కర్తీ ఇక్కడ బతకలేదనుకున్నాను. ఇది లేకపోతే ఈయేళ మనమే కొండ దిగేవోళ్ళం కాదు."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ళ వైపు తిరిగింది. అత్త ఏడవడం నేను చూసింది అప్పుడే. నాకు మాత్రం లేచి గంతులు వెయ్యాలనిపించింది. ఆ రోజు తర్వాత యాభై ఏళ్ళకు దగ్గరగా అత్త నాకు దక్కింది. నా పెళ్ళికి చర్చిలో ముందు బల్ల మీదా, నా ప్రసవాలకి మంచం పక్కనా ఆవిడే. నా పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం సరిగా రాదు; ఈ రాసింది వాళ్ళకి నేనే చదివి వినిపించాలి. ఇన్నేళ్ళు దొరికినందుకు దేవుడికీ, అంతకంటే కాస్త ఎక్కువగా పెదనాన్నకీ కృతజ్ఞురాల్ని.

ఆ రాత్రి పడవ ఛాథం ఒడ్డుకు తగిలింది. "ఉతరో, ఉతరో" అని అరుస్తున్నాడు తాడు కట్టేవాడు. జనం మమ్మల్ని దాటుకుని దిగిపోతున్నారు. పెదనాన్న కదల్లేదు. అత్త రబ్బరు చెప్పులు తన కాళ్ళకి అలాగే ఉండగా, రెండో పాదం కూడా ఒళ్ళోకి లాక్కుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పిన్నీసు మొనని దీపం వెలుగుకి పట్టి చూస్తున్నారు.