నలభై ఎనిమిది అంగల మైదానం

అన్నయ్య వాడిన విజిల్‌ను ఆయన జట్టుకు ఇచ్చి రావడానికి బయల్దేరాను. నిజానికి ఒక మాట అడగడానికి. అల్మాస్‌గూడలో ఆదివారాలు ఆడే పెద్దవాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు ఆయన కోచ్‌గా ఉండేవాడు. ఆ జట్టు ప్రతి టోర్నమెంటులో మొదటి మ్యాచ్‌కే ఓడి ఇంటికొచ్చేది. వేసవిలో మన దేశం జట్టు ఓడిపోతుంటే టీవీ ముందు కూర్చుని, "ఆటగాళ్లు మంచివాళ్లే, కోచ్‌కే చేతకాదు" అన్నాను. అన్నయ్య టీవీ కట్టేసి లేచి వెళ్లిపోయాడు. వానాకాలంలో చనిపోయాడు.

ఉదయం ఏడుంబావుకి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. రాత్రి దేశం జట్టు మళ్లీ ఓడింది. పక్కన ఇద్దరు అదే వాదన.

"గా కోచ్‌ను పీకెయ్యాలె. తొంభై నిమిషాలల్ల ఒక్క గోల్ లేదేందన్నా?"

"గోల్ ఆయనొచ్చి కొట్టాలేంటండీ?" అన్నాడు ఇస్త్రీ చొక్కాయన.

"కొట్టెటోళ్లను పెట్టాలె గదా!"

ఇద్దరి మాటా సబబుగానే తోచింది. మూడో స్టేషన్ ఎల్బీనగర్‌లో దిగి, చౌరస్తాలో ఇడ్లీ తిన్నాను, నలభై రూపాయలు. అల్మాస్‌గూడకు షేర్ ఆటో దొరక్క విడిగా మాట్లాడుకున్నాను, నూట యాభై. ఇద్దరు కలిసి వెళ్తే నయం.

ఎనిమిదిన్నరకు చేరాను. ఇళ్ల మధ్య ఖాళీ ప్లాట్లే మైదానం. పెయింట్ డబ్బాల్లో సిమెంటు పోసి నిలబెట్టిన పైపులు గోల్‌పోస్టులు. కెప్టెన్ యాదగిరి టైల్స్ పని చేస్తాడు, నలభై దాటాయి, ఎడమ మోకాలికి పట్టీ.

"సార్ చెల్లెలా? రాండ్రి అక్కా, కూసోండ్రి." చాయ్ తెప్పించాడు. "కొత్త ఇల్లు లేసినప్పుడల్లా గోల్ డబ్బాలు ఇటు జరుపుతం."

ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూశాను. నలభై ఎనిమిది అంగలు.

"గట్టిగ తంతే కిటికీలు పల్గుతయ్," అన్నాడు యాదగిరి. " మెల్లగ తన్నుడే అలవాటైంది. పెద్ద గ్రౌండుకు పోతే మా బంతి సగం దూరం గూడ పోదు."

అప్పుడు అడిగాను. "మీరు ఓడిపోయేది అన్నయ్య వల్లేనా?"

చుట్టూ బూట్లు కట్టుకుంటున్న ఆటగాళ్లు ఇటు తిరిగారు. యాదగిరి మోకాలు చూసుకున్నాడు.

"జర ఉన్నది. అబద్ధమెందుకు? సార్ ఎవ్వర్నీ తియ్యకపోతుండె. మూడేండ్ల సంది నేను ఉరకలేను. బాధపడతనని ఆడించిండు. నా దిక్కు నుంచే గోల్స్ పడ్డయ్."

"నువ్వే తప్పుకోవాలె కాకా!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"మజా వస్తుండె గదరా!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎవర్నీ నొప్పించలేకపోవడం అన్నయ్య స్వభావం, అది నాకు తెలిసిన తప్పే.

విజిల్ ఇచ్చాను. యాదగిరి దాన్ని చొక్కాకు తుడిచి ఊదాడు. ఆడేవాళ్ల పేర్లు పిలిచాడు. అందులో తన పేరు లేదు. వచ్చి నా పక్కన కూర్చుని పట్టీ విప్పసాగాడు.

పదకొండుకు ఎల్బీనగర్‌లో సిటీ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. పక్కావిడ ఫోన్లో రాత్రి మ్యాచ్ చూస్తోంది.

"కోచ్‌దే తప్పంటరా మేడమ్?"

"కొంత. మిగతాది ఆయనకిచ్చిన గ్రౌండు చూస్తేగానీ చెప్పలేం."

ఆ జవాబు అన్నయ్యకు నచ్చేది. 'కొంత' అన్న దగ్గర మాత్రం నాతో పేచీ పెట్టుకునేవాడు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా ఆ పేచీ మనసులోనే సాగించాను, హాయిగానే.