సుబ్బమ్మత్త విప్పిన తాడు

అట్టపెట్టె మీది టేపు కోయగానే కొత్త టైరు వాసన గుప్పుమంటుంది. రబ్బరు, దాని మీద చల్లిన పొడి, ఫ్రేముకు చుట్టిన ప్లాస్టిక్కు అన్నీ కలిసిన వాసన అది. గిద్దలూరులో సొంతంగా సైకిళ్ల దుకాణం పెట్టుకుని కొన్నేళ్లయినా, ఆ వాసన తగిలితే నేను మార్కాపురం బజారులో ఉన్నట్టే ఉంటుంది. ఇనుప కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, వక్క నములుతూ, "నిదానంగా కొయ్యి అల్లుడా, లోపల సీటు చినిగిందంటే నీ తోలు తీసి కుట్టిస్తా" అని బెదిరించే సుబ్బమ్మత్త కళ్లముందుకు వస్తుంది.

ఆమె నాకు చుట్టం కాదు. వాళ్లది తరతరాల వ్యాపారపు ఇల్లు, మాది తర్లుపాడు పక్కన మెట్ట సేద్యం. బజారంతా ఆమెను అత్తా అని పిలిచేది కాబట్టి నేనూ అలాగే పిలిచాను. బోర్లు ఎండిపోయి, పెళ్లాన్ని పుట్టింట్లో దించి పని వెతుక్కుంటూ తిరుగుతున్నప్పుడు ఆమె దుకాణంలో చేరాను. భర్త పోయాక దుకాణం అద్దెకిచ్చి ఇంట్లో కూర్చోమని బంధువులందరూ చెప్పారట. "కూర్చుంటే కాళ్లు పడిపోతాయి, నోరు పెరుగుతాది" అని ఆమె కొట్టిపారేసింది. నోరు మాత్రం ఎలాగూ పెరిగింది. తన గొప్ప తాను చెప్పుకోవడంలో ఆమెకు మొహమాటం లేదు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మా వైపు గేరు సైకిళ్లకు గిరాకీ మొదలైంది. లావు టైర్లు, కొండదారుల్లో తొక్కే రకం. పెట్టెలో విడివిడిగా వచ్చేవి, మేమే బిగించాలి. పాత సైకిలుకు వెనక చక్రం పట్టే గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. చక్రాన్ని వెనక్కి గుంజి, చైను బిగువు చూసి, నట్లు బిగిస్తాం. మా ప్రాంతంలో సైకిలు తొక్కిన ప్రతివాడి చేతికీ ఆ అలవాటు ఉంది. నేను మొదటి గేరు సైకిలును గోనెపట్ట మీద తలకిందులుగా పెట్టి, అలాగే చక్రాన్ని వెనక్కి గుంజుతూ, నట్టు బదులు ఇరుసుకు ఉన్న చిన్న లీవరును నట్టులా తిప్పుతున్నాను. సుబ్బమ్మత్త కుర్చీలోంచి లేచి వచ్చింది.

"ఏంది అల్లుడా, ఎద్దును పలుపు పట్టి గుంజినట్టు గుంజుతుండావు?"

"చైను బిగువు రావాల గదా అత్తా."

"ఆ బిగువు కింద ఏలాడే గేరు చూసుకుంటది, నీకెందుకు? దీని గాడి కిందికి ఉండాది, చూడు. చైను చిన్న పళ్లచక్రం మీద ఎయ్యి. సైకిల్ని తిప్పి నిలబెట్టు. లీవరు వదులుగా పెట్టి సీటు మీద బరువెయ్యి. ఆ, ఇరుసు గాడిలో అడుగు దాకా పోయిందా? ఇప్పుడు మూయి. తిప్పేది కాదు, తలుపు మూసినట్టు మూసేది."

మూశాను. చాలదంది. అరచేయి చూపించమంది. లీవరు అచ్చు అరచేతిలో ఎర్రగా పడితేనే బిగింపు సరిపోయినట్టు. పడలేదు. మళ్లీ తెరిచి, అవతలి నట్టు కాస్త తిప్పి, మళ్లీ మూయించింది. చక్రం తిప్పి, ఫ్రేముకు రెండు వైపులా ఎడం సమానంగా ఉందో లేదో వేలు పెట్టి చూసింది. ఇదంతా కంపెనీ మనిషి వచ్చినప్పుడు అతని వెంటపడి, అతను విసుక్కునేదాకా అడిగి నేర్చుకుందట.

ఇంత తెలిసిన మనిషి చేసిన పొరపాటు గురించే నేను చెప్పదలచుకున్నది. సుబ్బమ్మత్తది మంచి హస్తవాసి అని పేరు. అమ్మిన ప్రతి సైకిలుకూ వెనక ఇరుసుకు తన చేత్తో నల్లతాడు కట్టేది. ఆమె కట్టిన బండి దెబ్బ తగలనివ్వదని కంభం నుంచి, గిద్దలూరు నుంచి కూడా వచ్చేవాళ్లు. పక్క దుకాణాల వాళ్లు ధర తగ్గించగలిగారు గాని ఆ చేతిని తేలేకపోయారు. పాత సైకిళ్లకు నట్టు బయట ఇరుసు కొస పొడుచుకుని ఉంటుంది, తాడు దానికి కడితే ఏ ఇబ్బందీ లేదు. గేరు సైకిలుకు ఆ కొస లేదు. అందుకని ఆమె తాడును లీవరుకూ ఫ్రేముకూ మధ్య చుట్టి, దాని మీద లీవరు మూసేది. ఆ ఆఖరి బిగింపు ఆమె ఎవరికీ వదిలేది కాదు.

ఒక శనివారం పుల్లలచెరువు అవతలి పల్లె నుంచి తిరుపతయ్య అనే రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి రాజేశ్వరి. ప్రైవేటు బడిలో కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఊరు మెరక మీద, బడి కింద, మధ్యలో రాళ్ల దారి. వాళ్లు కొన్న గేరు సైకిలుకు సుబ్బమ్మత్త తాడు కట్టి, ఆ అమ్మాయి బుగ్గలు పుణికి, దాన్ని ఆటో మీదికి ఎక్కించింది.

మర్నాడు పొద్దున, దుకాణం ముందు వరుసలో నిలబెట్టిన ఇంకో గేరు సైకిలును ఆమె పక్కకు జరపబోయింది. వెనక చక్రం కదిలింది. చూపడానికి పెట్టిన బండే అయినా దానికీ ముందురోజే తాడు కట్టి మూసింది. వచ్చినవాళ్లు ఎక్కి దిగి తొక్కి చూసిన సైకిలు అది. తాడు నలిగి పలచబడింది, లీవరు వదులైంది. ఆమె అక్కడే నిలబడిపోయింది.

"అల్లుడా, ఆ పిల్ల రేపు రాళ్ల దావలో దిగుతాది."

తిరుపతయ్యకు ఫోను చేస్తే కలవలేదు. అడవి పక్క ఊళ్లు, సిగ్నలు ఉండదు. ఆదివారం పొద్దుటి బేరాలు వదిలేసి షట్టరు దించింది. ఎర్రగొండపాలెం బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికే చూసింది. ఆ తాడే ఆమె వ్యాపారమని నాకు తెలుసు. అది తప్పని తన నోటితో చెబితే ఇన్నేళ్ల పేరు పోతుంది. నాకు జాలేసింది.

"లీవరు నేనే సరిగా ముయ్యలేదని చెప్తా అత్తా. తాడు ఊసెత్తొద్దు" అన్నాను.

"నువ్వు నెత్తినేసుకుంటే తాడు అట్లే ఉంటది గదా. ఇంతకుముందు కట్టిన బండ్ల సంగతేంది?" అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

మేము వెళ్లేసరికి సైకిలు వాకిట్లో పసుపు కుంకుమలతో ఉంది. ఇరుగుపొరుగు చేరి చూస్తున్నారు. ట్యాంకరు నీళ్లు పట్టుకున్న బిందెలోంచి రాజేశ్వరి చెంబుతో తెచ్చిస్తే, సుబ్బమ్మత్త రెండు గుక్కలు తాగి తిరిగిచ్చింది.

"నాయనా తిరుపతయ్యా, నేను తాడు కట్టినచోటు తప్పు. దాంతో చక్రం వదులవుతాది. విప్పేదానికి వచ్చినా."

తిరుపతయ్య ముఖం వాడిపోయింది. "ఏందమ్మా ఆ మాట? నీ చేతి తాడు కోసరమే గదా మార్కాపురం దాకా వచ్చింది. కట్టింది విప్పితే అరిష్టం గాదా?" అంటూ వంగి లీవరు పట్టి చూశాడు. "గట్టిగానే ఉండాదే!"

ఆమె వాదించలేదు. రాజేశ్వరిని సైకిలెక్కి వాకిలి ముందున్న రాళ్ల మీద తిరగమంది. ఆ అమ్మాయి కుదుపుల మీద అటూ ఇటూ తిరిగి వచ్చాక, సుబ్బమ్మత్త చిటికెన వేలితో లీవరు ఎత్తింది. అది లేచి వచ్చింది.

గోడ పక్క నుంచి ఒకామె, "ఇన్నాళ్లూ ఈమె చెయ్యి మంచిదనుకుంటిమే" అంది. అందరికీ వినబడింది. సుబ్బమ్మత్త చేయి తాడు ముడి మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముడి విప్పింది.

"తాడు కంటే నా మెడ ముఖ్యం గదా నాయనా" అంది రాజేశ్వరి, తండ్రి భుజం మీద చెయ్యి వేసి. సుబ్బమ్మత్త ఆ అమ్మాయి చేతే సీటు మీద బరువు వేయించి, లీవరు మూయించి, అరచేతిలో పడిన అచ్చును తండ్రికి చూపించింది. ఆయన చాలాసేపు చూసి, "మరి తాడో?" అన్నాడు.

"హ్యాండిలుకు కట్టుకో. నువ్వే కట్టు, బిడ్డ నీది గదా."

మర్నాటి నుంచి గేరు సైకిళ్లు కొన్నవాళ్లందరినీ ఫోను చేసి పిలిపించింది, రానివాళ్ల ఊళ్లకు నన్ను పంపింది. కొందరు తిట్టారు. సుబ్బమ్మ చెయ్యి చెడిందన్న మాట మాకంటే ముందే ఊళ్లు చేరింది. తాడు కట్టమని అడిగేవాళ్లు తగ్గారు, తర్వాత కొనేవాళ్లూ తగ్గారు. ఒక మధ్యాహ్నం ఈగలు తోలుకుంటూ కూర్చున్నప్పుడు, బాధగా లేదా అత్తా అని అడిగాను.

"ఉండదా? ఉంటది. ఆ పిల్ల బడికి పోయొస్తుండాది గదా. నోరు మూసుకోని ఆ చైనుకు నూనె పెట్టు."

ఆమె పోయాక ఆ దుకాణం సెల్‌ఫోన్ల అంగడి అయింది. నేను ఇటు వచ్చేశాను. మొన్నీమధ్య బేస్తవారిపేట నుంచి వచ్చిన ఒకాయనకు గేరు సైకిలు అమ్మాను. ఆయన వెళ్లాక అన్నం ముందు కూర్చుంటే ఒక అనుమానం పట్టుకుంది. లీవరు మూసినట్టు గుర్తుంది. బరువు వేశాకే మూశానా, ముందే మూశానా అన్నది ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఫోను చేసి చూసుకోమంటే ఆయన పట్టి చూసి గట్టిగానే ఉందంటాడు. తిరుపతయ్య కూడా అదే అన్నాడు. చెయ్యి కడుక్కుని బయలుదేరాను.

చక్రం సరిగ్గానే ఉంది. "దీనికోసరం ఇంత దూరం వచ్చినావా సామీ, నీ యాపారం ఎట్ల సాగుతాదయ్యా?" అని ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆకలితో తిరిగి వస్తుంటే సుబ్బమ్మత్త మీద నిజంగానే కోపం వచ్చింది. మనిషి పోయింది గాని, నన్ను కంచం ముందు నుంచి లేపడం మాత్రం మానలేదు.