బస్టాండు మీద ఇల్లు

ఆవిడ పేరు నేనడగలేదు. నిడదవోలు స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చుంది. చెల్లెల్ని రైలెక్కించడానికి ఊరినుంచి ఆటోలో వచ్చిందట. చెల్లెలు నీళ్లు పట్టుకోవడానికి వెళ్లింది. నేను ఊరుకోలేకపోయాను.

"ఇంత దూరం మీరెందుకండీ రావడం? మేం బస్టాండు మీదే కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు తీసుకున్నాం. చుట్టాలు మా గుమ్మం ముందు లిఫ్టెక్కితే, దిగేసరికి ఎదురుగా బస్సు. రెండు నిమిషాలు. ఇల్లు కట్టడమంటే అలా కట్టాలి!"

"బాగుందండి. మరి మీవాళ్లు మీతో ఎప్పుడు మాట్లాడతారు?"

"అదేం ప్రశ్నండీ? ఇంట్లో ఉన్నన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చుంటారా?"

"ఇంట్లో అందరూ ఉంటారు కదండీ. మా చెల్లి నాలుగు రోజులుంది. నవ్వుతూనే ఉంది. ఆటో ఎక్కాక ఏడ్చింది. సంగతేంటో ఇంకా చెప్పలేదు. రైలు ఇంకో పావుగంట లేటైతే బాగుణ్ణు."

నా దగ్గర జవాబు లేకపోలేదు. తలుపేసుకుని మాట్లాడుకోవడానికేగా ఇంట్లో గదులు కట్టుకునేది! ఆ మాట అనబోతుండగా చెల్లెలు వచ్చింది. మొహం కడుక్కున్నట్టుంది. అక్క పక్కన కూర్చుని, ఓసారి నావైపు చూసి, "ఎండ మండిపోతోందక్కా" అంది.

నేను బ్యాగు తీసుకుని ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి ఆ ఎండలోనే నిలబడ్డాను.